బతికుండగానే పూలు

చచ్చినవాడికి పూలెందుకు, వాసన చూస్తాడా, ఇచ్చేదేదో ముక్కు పనిచేస్తుండగానే ఇవ్వండి అని మా మెంఫిస్‌లో పెద్దవాళ్ళు అంటారు. మంచి మాటే. మంచి మాటలతో వచ్చిన చిక్కేమిటంటే, వాటిని ఎవడో ఒకడు పట్టుకుని ఆచరణలో పెడతాడు. మా ఊళ్లో ఆ పని బ్లూస్ ఆప్తుల సంఘం చేసింది. బ్లూస్ అంటే మా నల్లవాళ్ళ దిగులు పాట.

ఏటా వసంతం రాగానే ఒక ఆదివారం, చర్చి వదిలాక, అందరం పాటకచేరీలు జరిగే మోజెల్ హాల్లో చేరతాం. ఒక మనిషిని వేదిక ఎక్కించి పూలగుత్తి చేతికిస్తారు. ఆ మనిషి పాడేవాడు కాకూడదు, వాయించేవాడు కాకూడదు. పాడేవాళ్ళకి చప్పట్లున్నాయి, వాయించేవాళ్ళకి ఆడవాళ్ళున్నారు. ఈ పూలు వాళ్ళను మోసినవాళ్ళకి. తాగి పడిపోతే ఇంటికి చేర్చినవాళ్ళు, పస్తులుంటే పళ్ళెం ముందుకు తోసినవాళ్ళు, జైలు గుమ్మం దగ్గర కోటు పట్టుకుని నిలబడ్డవాళ్ళు, వానకి ఎవరూ రాని రోజున కూడా ముందు వరసలో కూర్చుని 'ఆహా' అన్నవాళ్ళు. వాళ్ళే లేకపోతే మా ఊళ్లో బ్లూస్ ఎప్పుడో ఆకలితో చచ్చి ఉండేది.

అయితే అలాంటివాళ్ళు బోలెడుమంది. పూలగుత్తి ఏడాదికొకటి. ముందెవరికివ్వాలి? సంఘం అధ్యక్షుడు హోజియా విన్‌ఫీల్డ్ దీనికి తడుముకోకుండా జవాబు చెప్పాడు.

"ముందు పోయేవాళ్ళకి ముందు."

హోజియాది అంత్యక్రియల వ్యాపారం, చర్చిలో డీకన్ పెద్దరికం. పూలు కూడా ఆయన కొట్టులోంచే వచ్చేవి. వేదిక మీదికి రాకముందు ఆ పూలు ఎవరి గుండెల మీద పడుకుని వచ్చాయో అడగడం మర్యాద కాదు.

ఆయన కన్ను మామూలు కన్ను కాదు. దర్జీ మనిషిని చూడగానే కొలత చెప్పేసినట్టు, హోజియా మనిషిని చూడగానే పెట్టె కొలత చెప్పేవాడు. మొదటి ఏడు జిపోరా పెద్దమ్మకి ఇప్పించాడు. ఆమె ఎంత ముసలిదంటే, దోమలు కూడా ఆమెని కుట్టి, పాలిపోయి, పక్కింటికెళ్ళి కుట్టి సర్దుకునేవి. ఆదివారం పూలు పుచ్చుకుంది, ఆ పూలు వాడకముందే పోయింది. అవే పూలతో సాగనంపాం. మావాళ్ళు పొదుపరులు. మరో ఏడు హాల్లో పియానో శ్రుతి చేసే లెమ్యూల్ రఫిన్. అతను ఆ పూలు ఇంట్లో కూజాలో పెట్టుకున్నాడు. పూలు నిలిచాయి, అతను నిలవలేదు. ఇంకో ఏడు ఎజెల్ అనే పాల బండివాడికి కబురు వస్తే, వాడు రాత్రికి రాత్రే డెట్రాయిట్ పారిపోయాడు. పూలు పార్సిల్లో వెనకాలే వెళ్ళాయి. అక్కడ సంతకం పెట్టి పుచ్చుకున్నాడట, పెన్ను చేతిలో ఉండగానే...

దాంతో మా ఊరి మనుషులకు ఒక అలవాటు పట్టుకుంది. ఎదురుగా హోజియా వస్తే నడుము నిలబెట్టుకునేవాళ్ళు. బుగ్గలు గిల్లుకుని ఎర్రబరచుకునేవాళ్ళు. దగ్గు వస్తే మింగేసేవాళ్ళు. ఆయన టోపీ ఎత్తి "ఎలా ఉన్నావు?" అంటే, "నువ్వు అడగనంతవరకు బాగున్నాను" అనేవాళ్ళు.

ఇదిగో ఇలాంటి ఊళ్లో ఓథా బ్లెడ్సో పెళ్ళి చేసుకుందామనుకున్నాడు.

ఓథా మోజెల్ హాలు గుమ్మంలో ఎత్తు స్టూలు మీద కూర్చునేవాడు. టిక్కెట్లు చింపేవాడు, తగాదాలు వీధిలోకి తోసేవాడు, ఆట అయ్యాక తన పొడుగాటి కారులో వాద్యగాళ్ళనీ, వాళ్ళ పెట్టెల్నీ ఇళ్ళకి చేర్చేవాడు. ఇలా ఎన్నేళ్ళు చేశాడంటే, గుమ్మాన్ని అతనికే అమర్చారని కొత్తవాళ్ళు అనుకునేవాళ్ళు. వేదిక ఎక్కేవాడు గాని స్పీకరు పెట్టె మోస్తూ ఎక్కేవాడు, జనానికి వీపే కనిపించేది. మనిషి మంచివాడే గాని మాటలో ఉప్పు లేదు. ఒక కథ మొదలుపెడితే వాతావరణం దగ్గర మొదలుపెట్టేవాడు. ఓథా మాట్లాడుతుండగా మధ్యలో లేచిపోవడం మా ఊళ్లో తప్పు కాదు.

అతని మాట చివరిదాకా విన్న మనిషి ఒక్కర్తే, వెర్లీన్ రఫిన్. హాలు వెనక వంటగది ఆమెది. వేయించిన క్యాట్‌ఫిష్ చేప, పక్కన స్పగెట్టి, పైన ఆమె నోటి కారం. ఇద్దరు మొగుళ్ళను సాగనంపింది. రెండోవాడు ఇందాక చెప్పిన పియానో లెమ్యూలే. ఓథా ఏళ్ళ తరబడి ఆ వంటగది తలుపు దగ్గర నిలబడి వాతావరణం చెప్పగా చెప్పగా, ఆ చలికాలంలో ఆమె సరే అంది. ఒకటే షరతు పెట్టింది: పాస్టర్ ముందు నిలబడేదాకా పిట్టకి కూడా తెలియకూడదు. "ఈ ఊరి నోళ్ళు నీకు తెలియవు. పెళ్ళికి ముందే నీకు పాడె కడతారు" అంది.

సరేనని ఓథా గుట్టుగా పెళ్ళికి తయారయ్యాడు. వెర్లీన్ పంది మాంసం మానిపించి ఆకుకూరల మీద పెట్టింది గనక బాగా చిక్కాడు. నల్ల సూటు కుట్టించుకున్నాడు. పుచ్చిన పళ్ళు పీకించి కొత్తవి పెట్టించుకున్నాడు. ఎన్నడూ లేనిది చర్చికి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఏనాటినుంచో మాటల్లేని తమ్ముడి గడప తొక్కి, వాడిని పట్టుకుని ఏడ్చాడు. ఇంటికి సున్నం వేయించాడు, పాత బట్టలు పంచిపెట్టాడు.

ఇవన్నీ పెళ్ళికొడుకు పనులని మీకు నేను చెప్పాను గనక తెలిసింది. మాకెవరు చెప్పారు?

నాది క్షవరం షాపు. ఓథా ఒక రోజు వచ్చి గడ్డం గీయించుకుని, అద్దంలో తనను తాను చాలాసేపు చూసుకుని, నిట్టూర్చి వెళ్ళాడు. అతని వెనక తలుపు పడిందో లేదో, హాల్లో డ్రమ్ములు వాయించే జూనియస్ పీబుల్స్ పేపరు దించాడు.

"చూశావా టాలీ? కాలర్లో మెడ గంట నాలుకలా ఆడుతోంది."

"చిక్కాడు" అన్నాను.

"చిక్కడం కాదురా, కరిగిపోతున్నాడు. మొన్న నాకు తన మంచి బూట్లు ఇచ్చేశాడు. 'నాకింక ఇవి అక్కర్లేదు జూనియస్' అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది."

"మరి పుచ్చుకున్నావా?"

"ఒళ్ళు జలదరిస్తేనేం, కాళ్ళకి సరిపోయాయి."

మూల కుర్చీలో వేడి తువ్వాలు కింద ఎవరో ఉన్నారు. ఆ తువ్వాలు మెల్లగా కిందికి దిగింది. హోజియా విన్‌ఫీల్డ్.

"సూటు కుట్టించాడని విన్నాను. ఏం రంగు?" అన్నాడు.

"నలుపు" అన్నాడు జూనియస్.

"తమ్ముడి దగ్గరికి వెళ్ళాడా?"

"వెళ్ళి ఏడ్చాడట."

హోజియా కళ్ళు మూసుకుని తువ్వాలు మళ్ళీ పైకి లాక్కున్నాడు. దాని కిందనుంచే అన్నాడు. "పాపం. పొడుగు మనిషి. పెట్టె ప్రత్యేకం చేయించాలి."

ఆ వారమే హాలు గుమ్మానికి, ఓథా స్టూలుకి సరిగ్గా పైన, కాగితం అంటించారు: ఈ ఏటి పూలు బ్రదర్ ఓథా బ్లెడ్సోకి.

అతను సాయంత్రం పనికి వచ్చేసరికి గుమ్మం ముందు ముసలమ్మలు చేరి కళ్ళు ఒత్తుకుంటున్నారు. ఒకామె అతని చెంప నిమిరింది. ఇంకొకామె, "నొప్పి ఎక్కువగా ఉందా నాయనా?" అంది.

"నొప్పేంటమ్మా?"

"చూడు, ఎంత నిబ్బరమో" అని ముసలమ్మలు ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.

జూనియస్ అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళాడు. "అన్నా, ఇలా అడగకూడదు గాని, నీ కారు ఎవరికైనా మాటిచ్చావా? నా డ్రమ్ములకి సరిగ్గా సరిపోతుంది. నీ పేరు మీద జాగ్రత్తగా చూసుకుంటాను."

"నా కారు నాకు కావాలి జూనియస్!"

"కావాలి, కావాలి. ఎవరు కాదన్నారు? ఇప్పుడే కాదులే."

ఇంతలో హాలు మేనేజరు బంధువు ఒకడు వచ్చి ఓథా స్టూలు మీద కూర్చుని చూశాడు. ఎత్తు సరిపోయిందో లేదో చూసుకుంటున్నాడు. ఓథా అరిచాడు. అరిస్తే కొత్త పళ్ళు కాస్త జారాయి. జనం జాలిగా తల తిప్పుకున్నారు.

మర్నాడు ఓథా హోజియా కొట్టుకి వెళ్ళి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఏం జరిగిందో తరవాత ఓథాయే నాకు చెప్పాడు.

"డీకన్ గారూ, నాకు రోగం లేదు. పూలు వద్దు. ఇంకెవరికైనా ఇవ్వండి."

"అందరూ అలాగే అంటారు తమ్ముడూ. జిపోరా పెద్దమ్మ కూడా అంది."

"డాక్టరు దగ్గరికి వెళ్ళి కాగితం తెస్తాను."

"డాక్టరు దగ్గరికి వెళ్తున్నావన్నమాట" అన్నాడు హోజియా, మరింత మెత్తగా. "కూర్చో. నీళ్ళు తాగు. పెట్టెలో పరిచే సాటిన్ గుడ్డలో లేత నీలం ఒకటి వచ్చింది, నీ ఒంటి రంగుకి బాగుంటుంది, చూస్తావా?"

ఇంక మిగిలింది వెర్లీన్. ఆ మధ్యాహ్నం నేను వంటగదిలో మూల బల్ల దగ్గర చేప తింటున్నాను. ఓథా వచ్చాడు. నన్ను చూసి తటపటాయించాడు. వెర్లీన్ నూనెలోంచి గరిటె తీయకుండానే అంది. "టాలీ ఉంటే ఉండనీ. వాడికి తెలిస్తే ఎంత, ఊరికి తెలిస్తే ఎంత. అయినా ఇంకా దాచడానికేముంది, నా పెళ్ళికొడుక్కి ఊరంతా మంగళం పాడేశాక?"

అప్పుడు తెలిసింది నాకు. ముల్లు గొంతులో అడ్డం పడింది.

"నా తప్పేముంది వెర్లీన్?" అన్నాడు ఓథా.

"లెమ్యూల్ తప్పేముంది? వాడికీ ఇలాగే కాగితం అంటించారు. వాడూ నవ్వాడు. ఆ పూలు నా వంటింటి కిటికీలో పెట్టాడు. రోజూ వాటికి నీళ్ళు పోస్తూ నేను, రోజూ వాడికి మందు పోస్తూ నేను."

"లెమ్యూల్‌కి గుండె జబ్బుంది. నాకేమీ లేదు. ఇదంతా మూఢనమ్మకం."

"మూఢనమ్మకమే. నాకు చదువు లేదు, మూఢనమ్మకం ఉంది. ఏం చేస్తావు?" చేప తిరగేసింది. నూనె చిటపటలాడింది. "చూడు ఓథా బ్లెడ్సో, నీతో బతకాలని ఒప్పుకున్నాను గాని నీ చావుకి నల్ల గౌను తొడుక్కోవాలని ఒప్పుకోలేదు. నా దగ్గర ఉన్నవి రెండూ నలిగిపోయాయి. మూడోది కుట్టించుకునే ఓపిక లేదు నాకు."

"ఏం చెయ్యమంటావో చెప్పు."

"ఆదివారం వేదిక ఎక్కు. ఊరందరి ముందు ఆ పూలు వద్దని చెప్పు. హోజియా చేతిలో తిరిగి పెట్టెయ్. నా చెవులతో నేను వినాలి. ఆ పూట సాయంత్రమే పాస్టర్ దగ్గరికి వెళ్దాం. గౌను సిద్ధంగా ఉంది. పసుపు రంగుది" అని, నా వైపు తిరిగి, "ముల్లు దిగిందా? ఎవరికైనా చెప్పావంటే ఈసారి నేనే గుచ్చుతాను" అంది.

"వద్దు అంటే చాలా?" అన్నాడు ఓథా.

"ఒక్క మాట. నీకు ఒక్క మాటతో ఆపడం చేతకాదని తెలుసు. వాతావరణం జోలికి పోకు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె పిండి చేత్తోనే అతని ముక్కు మీద ఒక చుక్క పెట్టింది. నేను పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాను. ముసలివాళ్ళ సరసం చూడకూడదు, చూపు పోతుంది.

ఆదివారం వచ్చింది. హాల్లో సూది పడితే కింద పడదు, ఎవరో ఒకరి టోపీ మీద ఆగిపోతుంది, అంత జనం. హోజియా కొట్టు పేరు అచ్చేసిన అట్ట విసనకర్రలు అందరి చేతుల్లో ఊగుతున్నాయి. వెర్లీన్ వంటగది కిటికీ తెరిచి, గట్టు మీద మోచేతులు ఆనించి నిలబడింది. ఏప్రన్ కింద పసుపు అంచు కనిపిస్తోంది. అదేమిటో నాకూ, ఓథాకీ తప్ప ఎవరికీ తెలియదు.

హోజియా మాట్లాడాడు. ఆయన అలవాటుకొద్దీ అంతా అయిపోయినట్టే మాట్లాడాడు. "ఓథా మంచివాడుగా ఉండేవాడు. ఎవరినీ నొప్పించేవాడు కాదు. మన పాటను తన వీపు మీద మోశాడు. ఆ వీపుకి ఇక విశ్రాంతి." ఆడవాళ్ళు ఏడ్చారు. జూనియస్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు, ఓథా బూట్లు తొడుక్కుని.

తరవాత పూలగుత్తి ఓథా చేతిలో పెట్టి, మైకు ముందుకి తోశారు. జనానికి అతని ముఖం కనబడేలా వేదిక మీద నిలబడడం అదే మొదలు. గొంతు సవరించుకున్నాడు.

"వద్దు నాకీ పూలు" అన్నాడు. "నా వాకిట పెట్టొద్దీ పూలు."

మామూలుగానే అన్నాడు. కాని భయానికి గొంతు కాస్త సాగింది, చివర వణికింది. మావాళ్ళ చెవులకి అది చాలు. మైకు ముందు నిలబడ్డ మనిషి గొంతు అలా సాగితే, అది మాట అని మాకు తోచదు. ముందు వరసలో ఒక ముసలమ్మ, "అహహా, చెప్పు నాయనా!" అంది. వెనకనుంచి ఎవరో, "చావునే పొమ్మంటున్నాడ్రోయ్!" అని అరిచారు. గిటారువాడి వేళ్ళు ఊరుకోలేదు, అతని అనుమతి లేకుండానే ఒక మెట్టు వాయించాయి. జూనియస్ డ్రమ్ము మీద ఒక్క దెబ్బ వేశాడు.

"మళ్ళీ చెప్పు!" అంది హాలంతా.

మా పాటకి మూడు పాదాలు. మొదటి పాదం చెప్పాలి. రెండోసారి అదే చెప్పాలి, వినేవాడి గుండె కుదుటపడడానికి, పాడేవాడు మూడోది వెతుక్కోవడానికి. మూడోది తిరగాలి. ఎక్కడికి తిరుగుతుందో ఎవరికీ ముందు తెలియకూడదు, తిరిగాక ఇంకోలా ఉండదనిపించాలి. మొదటి రెండూ గాడిద కూడా చెబుతుంది. జనం వచ్చేది మూడోదానికి.

ఓథా కిటికీ వైపు చూశాడు. వెర్లీన్ తల ఊపింది. చెప్పు, ఇంకోసారి గట్టిగా చెప్పు, అన్నట్టు. ఆమె కూడా ఈ ఊరి మనిషే కదా, ఆమె కాలూ ఆడుతోంది.

"వద్దు నాకీ పూలు, నా వాకిట పెట్టొద్దీ పూలు!"

ఈసారి పాడాడు. బాగా పాడాడు. ఇన్నేళ్ళు గుమ్మంలో కూర్చుని విన్నదంతా లోపల ఊరి ఉందో ఏమో, చెక్కలు అదిరాయి. విసనకర్రలు ఆగిపోయాయి. జన్మలో ఎవడూ చివరిదాకా వినని మనిషి కోసం హాలు హాలంతా నోరు తెరుచుకుని కాచుకుంది. గిటారు పైమెట్టుకెళ్ళి అక్కడే ఆగి, వాకిట్లో పెళ్ళివారిలా నిలబడింది. రమ్మనాలి ఎవరో ఒకరు.

అక్కడ ఆగి పూలు హోజియా చేతిలో పెట్టేస్తే సరిపోయేది. చేతులు కొంచెం ముందుకి చాపాడు కూడా. నేను చూశాను. కాని పాట అక్కడ ఆగదు. రెండు పాదాలు చెప్పి మూడోది చెప్పకుండా వేదిక దిగిన మగాడు మా ఊళ్లో ఇంతవరకు లేడు. ఓథా నోరు తెరిచాడు.

"వెర్లీన్‌కివ్వండయ్యా, పెరట్లో వరసగా నాటింది మొగుళ్ళు!"

హాలు పేలిపోయింది. పైకప్పు రేకు లేచి మళ్ళీ కూర్చుందని ఇప్పటికీ చెప్పుకుంటారు. జూనియస్ స్టూలు మీదనుంచి వెనక్కి పడ్డాడు. ఏడ్చిన ముసలమ్మలే నవ్వలేక ఒకరి మీద ఒకరు పడ్డారు. హోజియా విన్‌ఫీల్డ్ పళ్ళు ఊరంతా మొదటిసారి చూసింది. ఆ మాట మా ఊళ్లో కొత్తది కాదు. నా షాపులో వెయ్యిసార్లు తిరిగింది, ఆమె చేప తిని మూతి తుడుచుకుంటూ మగాళ్ళందరూ అన్నదే. ఆమె వినేలా మాత్రం ఎవడూ అనలేదు. అందరం కిటికీ వైపు తిరిగాం. నవ్వుతూనే తిరిగాం.

వెర్లీన్ కదల్లేదు. ఓథాని చూస్తోంది. ఓథా కూడా ఆమెనే చూశాడు. అతని ముఖంలో రక్తం దిగిపోవడం నాకు కనిపించింది.

"మళ్ళీ!" అన్నారు జనం. "మళ్ళీ చెప్పు ఓథా! మూడోది మళ్ళీ!"

కాళ్ళతో నేల తన్నారు. అతని పేరు ఒకే గొంతుగా అరిచారు. ఆ పేరును అంతమంది పలకడం అతని తల్లి కూడా విని ఉండదు. జూనియస్ లేచి తాళం అందుకున్నాడు. ఓథా కళ్ళు ఆమె మీదనుంచి తీయలేదు. తీయకుండానే మళ్ళీ పాడాడు.

వెర్లీన్ కిటికీ మూయలేదు. పళ్ళేలు సర్దింది. వరసలో నిలబడ్డ ప్రతివాడికీ చేప వేసింది, స్పగెట్టి వేసింది, ఎవరికీ తక్కువ చెయ్యలేదు. కొందరు సిగ్గుపడి తల వంచుకున్నారు, మళ్ళీ వడ్డించమన్నారు. వరస చివర ఓథా వచ్చాడు, పూలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. ఎక్కడ పెట్టాలో మరిచిపోయినట్టున్నాడు. ఆమె అతనికీ పళ్ళెం పెట్టింది.

"వెర్లీన్, నేను అనాలని అనలేదు. పాట లాగేసింది. నోటికొచ్చేసింది."

"తెలుసు."

"ఒట్టు, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు."

"అదే మరి. ఆలోచించి అని ఉంటే సర్దుకునేదాన్ని ఓథా. కడుపులో లేనిది వెతికి తెచ్చుకున్నావనుకునేదాన్ని. నువ్వు వెతకనే లేదు. చెయ్యి పెట్టగానే దొరికింది."

"పాస్టర్ ఎదురుచూస్తుంటాడు..."

"చేప చల్లారిపోతుంది. తిను."

తిన్నాడు. ఆమె ఎదుటే నిలబడి తిన్నాడు. ఇంకేం చేయాలో తెలియక. ఆమె గిన్నెలు కడిగి, బోర్లించి, ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది. పసుపు గౌనుతో హాలు మధ్యలోంచి నడిచి వెళ్ళింది. ఆడవాళ్ళు చూశారు. "ఇదేమిటే, చావు పూల పండగకి పసుపు గౌను తొడుక్కొచ్చింది, సిగ్గులేకపోతే సరి" అని గుసగుసలాడారు. నాకు తెలుసు, చెప్పొచ్చు. నోరు నిండా చేప ఉంది.

ఓథా చావలేదు. పూలు వాడిపోయాయి, ఎండిపోయాయి, పొడి అయిపోయాయి, ఓథా నిక్షేపంగా ఉన్నాడు. హోజియా కొన్నాళ్ళు చిన్నబుచ్చుకున్నాడు, తన కన్ను తప్పడం ఆయనకి పరువు తక్కువ. చేయించిన పొడుగు పెట్టె ఎవరికీ సరిపోక కొట్టులోనే పడి ఉంది, దానిలో ఇప్పుడు విసనకర్రలు పెడతాడు. జూనియస్ బూట్లు తిరిగి ఇవ్వలేదు.

గుమ్మంలో స్టూలు మేనేజరు బంధువుదే అయింది. ఓథా ఇప్పుడు వేదిక మీద ఉంటాడు. ఆదివారం ఆదివారం జనం అతని కోసమే వస్తారు. నల్ల సూటు అప్పటిదే, కొత్త పళ్ళు మెరుస్తాయి. అతను వాతావరణం గురించి చెప్పినా వింటారు, మూడో పాదం వస్తుందని తెలుసు గనక.

వెర్లీన్ ఊరు వదిలి పోలేదు. ఎక్కడికి పోతుంది? చర్చి పక్క బడిలో పిల్లలకి వంట చేస్తోంది. ఆమె బస్సు దిగి నడిచి వెళ్తుంటే పిల్లలు తాడాట ఆడుతూ ఆ పాదమే పాడతారు. వాళ్ళకి వెర్లీన్ అంటే పాటలో పేరు. ఆమెని మిస్ రఫిన్ అని పిలిచి, గౌరవంగా తాడు ఆపి దారి ఇచ్చి, ఆమె దాటగానే మళ్ళీ అందుకుంటారు. హాల్లో ఇప్పుడు చేప ఎవడో వేయిస్తాడు. తినలేక చస్తున్నాం.

పోయిన నెల ఓథా ఒక పని చేయబోయాడు. పాట మొదలుపెట్టాడు, మొదటి పాదం, రెండో పాదం, తరవాత నోరు మూసుకున్నాడు. మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. గిటారు పైమెట్టు మీద నిలబడిపోయింది. జనం కొంచెంసేపు కాచుకున్నారు. అలిగాడనుకున్నారు, ఆటపట్టిస్తున్నాడనుకున్నారు. తరవాత వరస వరసా లేచి, ముసలమ్మలూ, మగాళ్ళూ, గుమ్మంలో స్టూలు మీద వాడూ, అందరూ కలిసి మూడో పాదం అతని కోసం పాడిపెట్టారు. ఆప్యాయంగానే పాడారు. పాపం మరిచిపోయాడనుకున్నారు.

ఓథా తల దించుకునే ఉన్నాడు. కాలు మాత్రం తాళం వేస్తోంది.